ముందు పేరే అడుగుతారు

ముందు పేరే అడుగుతారని జయంతక్క చెప్పింది. ఎంత తేలిగ్గా చెప్పేసిందో. ‘పేరు, ఊరు అడుగుతారు కోమలీ, ఆ రెండూ చెప్పేలోపల నీకు భయం పోతుంది, ఆ తర్వాతే అసలు ప్రశ్నలు’ అని ఫోన్‌లో తన గొంతు రికార్డు చేసి పంపింది. జయంతక్క పెద్దమ్మ కూతురు, ఇప్పుడు కోమలి నర్సింగ్ సీటు ఇంటర్వ్యూకు పోతున్న తిరుపతిలోనే చదివి డ్యూటీ చేస్తోంది. కోమలి సంగతి ఆమెకు తెలియంది కాదు, మరిచిపోయి ఉంటుంది, నోరు బాగున్నవాళ్ళు ఇలాంటివి మరిచిపోతారు. పూతలపట్టులో బస్సెక్కినప్పటి నుంచి కోమలి ఒక చెవిలో ఆ గొంతే పెట్టుకుని వింటోంది, అయిపోతే మళ్ళీ మొదటికి తిప్పుతోంది. బీపీ ఎంత ఉండాలో చెప్పగలదు. మంచానికి అతుక్కుపోయిన మనిషికి వీపు పుండ్లు పడకుండా ఏం చెయ్యాలో చెప్పగలదు, ఆ పని చేసి చూపించమన్నా చూపించగలదు. చెప్పలేనిది తన పేరొక్కటే. ‘క’ దగ్గర గొంతు మూసుకుపోతుంది. మెడ నరాలు బిగుసుకుంటాయి, కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి, దవడ ఒక పక్కకు లాగుతుంది, ఎదుటి మనిషి ముందు నవ్వబోయి, ఆ తర్వాత జాలిపడి, చివరికి ఇంకో వైపు చూస్తాడు. వేరే ఏ మాటకైనా దొంగదారి ఉంటుంది. అంగట్లో కందిపప్పు అనాల్సిన చోట సాంబారుకు వేసేది అంటుంది, కరివేపాకు అనాల్సిన చోట వేలు చూపిస్తుంది, గూడూరు అనాల్సివస్తే నెల్లూరు పక్కనుండే ఊరు అంటుంది. పేరుకు మాత్రం దొంగదారి లేదు. ఇంకెవరి పేరో చెప్పి తప్పించుకునేది కాదు గదా.

పక్క సీట్లో నాయన దయానంద్ సర్టిఫికెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఆయనది బేల్దారి పని. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నా గోళ్ళ సందుల్లో సిమెంటు పోలేదు. కండక్టరు వచ్చినప్పుడు కోమలి ఆధార్ కార్డు చూపించింది, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు చింపి చేతిలో పెట్టాడు, మాట్లాడే పనే పడలేదు, ప్రపంచమంతా ఇట్లా కార్డు చూపిస్తే జరిగిపోయేట్టుంటే ఎంత బాగుండు అనుకుంది. నేండ్రగుంట దాటింది. మామిడితోటలు, వాటి వెనక రాతిగుట్టలు, వాటి వెనక ఆకాశం. ఎంత దూరం పోతే అంత దగ్గరవుతోంది ఆ గది. ఆ గదిలో ఎంతమంది ఉంటారో, కుర్చీ ఇస్తారో నిలబెడతారో, నవ్వేవాళ్ళు ఉంటారో. నవ్వినా ఫరవాలేదు, నవ్వు ఆమెకు అలవాటే. తన మాట పూర్తికాకముందే ఎవరో దాన్ని అందుకుని తామే పూర్తిచేస్తారే, అదే ఆమెకు భయం. నోట్లోంచి ముద్ద లాక్కున్నట్టుంటుంది. పోయేది మాటే అయినా కడుపులో ఆకలి మాత్రం ఆకలిగానే మిగిలిపోతుంది.

“ఏం పాపా, సెమట్లు పడతాండాయే నీకు,” అన్నాడు నాయన. “భయపడొద్దు. నేను గూడా లోపలికొస్తాను గదా. వాళ్ళు ఏమడిగినా నేను సెప్తాలే. నువ్వు గమ్మున నిలబడితే సాలు.”

ఆమె తలూపింది. ఆయన ఎప్పుడూ అంతే. బడిలో చేర్పించిన రోజు పేరు చెప్పింది ఆయనే. అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు మాత్రం ఆయన లేడు. ‘ప్రెజెంట్ సార్’ అనే మాటకు మొదట్లోనే ‘ప’ అడ్డం నిలబడేది, ఆమె ఇంకా ఆ ‘ప’తో కుస్తీ పడుతుండగానే అయ్యవారు తర్వాతి పేరుకు పోయేవాడు. బెంచీ మీద కూర్చునే ఉంది, పలక ఒళ్ళోనే ఉంది, అయినా రాలేదని రాసుకున్నాడు. ఒకనాడు అమ్మను బడికి పిలిపించి మీ పాప బడికే రావడం లేదని చెప్పాడంట, అమ్మ అక్కడే కిటికీలోంచి కోమలిని చూస్తూ ఆ మాట వినింది. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పి, చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఉన్నా లేనట్టే. ఇప్పుడు ఈ పెద్ద చదువులోనూ అట్లే అవుతుందేమో, తెల్లకోటు వేసుకుని వార్డులో నిలబడే ఉంటుంది, రాలేదని రాస్తారు.

బస్సు మోతలో పెదాలు కదిపి చూసింది. నా పేరు కోమలి. వచ్చింది. ఇంకోసారి. నా పేరు కోమలి, మాది పూతలపట్టు దగ్గర పల్లె. జారిపోయినట్టు వచ్చింది. ఎవరూ విననప్పుడు ఎంత బాగా వస్తుందో. పశువులతో మాట్లాడితే వస్తుంది. చర్చిలో అందరితో కలిసి పాడితే ఒక్క అక్షరం కూడా తట్టుకోదు, ఆ పాట విని పాస్టరు ఏబెల్ అయ్య ఇది దేవుడు చూపించే గుర్తు అని, ఒక ఆదివారం ఆమెను ముందుకు పిలిచి గొంతు కింద బొటనవేలు ఆనించి ప్రార్థన చేశాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు, ఆమె మూసుకోలేదు, అందరి మూసిన కళ్ళను చూస్తూ నిలబడింది. ‘ఇప్పుడు నీ పేరు చెప్పు బిడ్డా’ అన్నాడు అయ్య. ఫ్యాను తిరిగింది. ఎవరో దగ్గారు. ‘క’ ఆమె గొంతులో రాయిలా కూర్చుంది, అయ్య వేలు దాని మీదనే ఉంది. అప్పుడు నాయన చాపమీదనుంచి లేచి చేతులు కట్టుకుని ‘కోమలి అయ్యా’ అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ చెవిలో పడితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నాయన తప్పు లేదు, బిడ్డ అట్లా నిలబడిపోతే ఏ నాయన చూస్తూ ఊరుకుంటాడు. ఆయన ప్రేమంతా అదే, ఆమె మాటలన్నీ తానే మోసెయ్యడం. ఇటుకలు మోసినట్టు.

రేణిగుంట ఫ్యాక్టరీ ఒకటి ఉండనే ఉంది. సీటు రాకపోతే అక్కడ చేర్చాలని నాయన మనసులో ఉంది, ఫోన్లలోకి వేసే చిన్న చిన్న ముక్కలు అతికించే చోటు, వాళ్ళ బస్సే వచ్చి ఎక్కించుకుని పోతుంది. ‘ఆడ మాట్లాడే పనే ఉండదంట పాపా, తల వంచుకోని పని సేసుకోవడమే, నీకు సరిగ్గా సరిపోతాది’ అన్నాడు. ఆ మాటకు కోమలికి కోపం రావాలి. రాలేదు. హాయిగా అనిపించింది, అందుకే భయమేసింది. టోపీ పెట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఒకరి మొగం ఒకరికి కనపడకుండా వరసగా కూర్చుంటారంట. ఎవరూ పేరు అడగరు. అట్లా ఏళ్ళకేళ్ళు కూర్చుంటే నోరు ఉందన్న సంగతే మరిచిపోవచ్చు. దిగిపోదాం నాయనా, ఇంటికి పోదాం అని ఇప్పుడంటే ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగడు, గాదంకిలో బస్సు ఆపించి దింపేస్తాడు, వెనక్కి పోయే బస్సెక్కిస్తాడు, దారిలో బిస్కట్లు కొనిస్తాడు. అది తెలుసు గనకే నోరు తెరవకుండా పళ్ళు బిగించుకుని కూర్చుంది.

నర్సు కావాలని ఎందుకనుకుంటున్నావు. అది మూడో ప్రశ్న అని జయంతక్క చెప్పింది. దానికి జవాబు కూడా ఆమే పంపింది, మానవసేవ అని, చిన్నప్పటి కల అని. కల కాదు. అవ్వ గంగులమ్మ వేరుశనగ చేన్లో కాయలు ఏరుతూ ఏరుతూ పక్కకు ఒరిగిపోయింది, కుడి పక్కంతా పడిపోయింది, మాట పడిపోయింది. పూర్తిగా కాదు, ఒక్క మాట మిగిలింది. రేపు. ఆకలేసినా రేపు, దప్పికైనా రేపు, ఒంటేలు వచ్చినా రేపు, కోపమొచ్చినా రేపు రేపు రేపు అని ఎడమచేత్తో మంచం పట్టె కొట్టేది. ఆసుపత్రిలో అందరూ నవ్వారు, ఏమిటి ముసలమ్మా రేపు, ఈరోజు ఏమైంది అని. కోమలి నవ్వలేదు. ఆమెకు తెలుసు, లోపల మాటలన్నీ ఉన్నాయి, తలుపు దగ్గర ఒక్కటే నిలబడి మిగతావాటిని రానివ్వడం లేదు. ఆ రేపు ఎత్తుగా పోతే నీళ్ళు, కిందికి దిగితే నొప్పి, సాగదీస్తే అమ్మ యాడుంది అని. వసంతమ్మ అనే నర్సు ఒకామె ఉండేది ఆ వార్డులో, కాస్త లావుగా, ఎప్పుడూ నడుం నొప్పి అంటూ. ఆమె ఒకరోజు సెలైను మారుస్తూ ఆగిపోయి ‘మీ అవ్వ ఏమడుగుతా ఉందో నీకు తెలిసినట్టుండాదే, నువ్వు సెప్పు’ అని కోమలిని అడిగింది. ఎడమ కాలికింద దుప్పటి మడత గుచ్చుకుంటోందని చెప్పడానికి కోమలికి చాలాసేపు పట్టింది. ‘క’ దగ్గర ఆగింది, ‘గు’ దగ్గర ఆగింది. అన్నిసార్లూ వసంతమ్మ సెలైను సీసా చేత్తో పట్టుకుని అట్లే నిలబడింది. అందుకోలేదు, పూర్తిచెయ్యలేదు. విని, దుప్పటి సరిచేసి, పోయింది. అంతే. దాన్ని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో జయంతక్క నేర్పలేదు.

కానీ ఆ రోజును చెబితే ఇంకో రోజును కూడా చెప్పాలి గదా, అక్కడికి పోవద్దు మనసా అనుకుంది, అది అప్పటికే అక్కడికి చేరిపోయింది. ఎండపొద్దు. అమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయింది, నాయన చిత్తూరులో కట్టుబడి పనిలో ఉన్నాడు. అవ్వకు సంగటి పలచగా పిసికి పెడుతోంది, ఉన్నట్టుండి అవ్వ కళ్ళు పెద్దవయ్యాయి, రేపు కూడా రాలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. కోమలి ఒక చేత్తో అవ్వను పట్టుకుని ఇంకో చేత్తో నాయనకు ఫోన్ కొట్టింది. నాయన ఫోను ఎత్తింది పనిచోటున్న మేస్త్రి గురప్ప. హలో, హలో ఎవురు, మాట్లాడు ఎవురు అన్నాడు. ఆమె గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. ‘ఎవురో ఊపిరి వదల్తాండారు, మాటే లేదు’ అని పక్కనున్నవాళ్ళతో అంటూ పెట్టేశాడు. ఆ టక్ మన్న చప్పుడు. ఆ తర్వాత ఫోన్ ఎక్కడ పడిందో తెలియదు, అవ్వను పక్కకు తిప్పి, తల కిందికి వంచి, నోట్లో వేళ్ళు పెట్టి ముద్ద బయటికి లాగింది, అవ్వ పళ్ళు దిగి వేలు చీలింది, వీపు మీద చరుస్తూనే ఉంది, అవ్వ గుర్రుమని ఊపిరి పీల్చేదాకా. అవ్వ బతికింది, ఇప్పటికీ ఉంది. సాయంత్రం సంగతి తెలిసి నాయన గోడకానుకుని కూర్చుండిపోయాడు. ‘ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యద్దు పాపా, మెసేజ్ పెట్టు సాలు’ అన్నాడు. ఆనాటినుంచి ఆమె ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అవ్వ బతికిందన్నది నిజమే, అయితే ఆ పొద్దు వేళ్ళకు అందింది గనక బతికింది. వేళ్ళకు అందనిది వస్తే? గుండె ఆగితే, రక్తం పోతుంటే, వార్డులో తానొక్కతే ఉంటే, పరుగెత్తి ఫోనెత్తి డాక్టరుగారూ అనాల్సిన చోట గాలి తప్ప ఏమీ లేకపోతే? ఆ గదిలో వాళ్ళు ఈ ప్రశ్న అడగకుండా ఉండరు. అడగకపోతే వాళ్ళు మంచి టీచర్లే కాదు.

చంద్రగిరి కోట కొండ కనపడింది. ఎవరో గోవిందా అన్నారు, బస్సులో సగం మంది అందుకున్నారు. ఆ తర్వాత బస్టాండు, జనం, ఆటో, గుండ్లు గీయించుకుని గంధం పూసుకున్న తలకాయలు, యూనివర్సిటీ గేటు, ఫినాయిల్ వాసన వేసే పొడుగాటి వరండా, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఆమెను ఒక ఇనుప కుర్చీలో కూలేశాయి. పక్క కుర్చీలో పిల్ల వాళ్ళమ్మతో వచ్చింది, చేతిలో ఫోనులో ఏదో చదువుకుంటోంది. మొగం ఎత్తి ‘నా పేరు లోహిత, మాది గూడూరు, మా నాన్నది నిమ్మకాయల మండీ’ అనింది గడగడా, ‘నీ పేరు?’ అనింది. కోమలి నీళ్ళ సీసా ఎత్తి గుక్క తర్వాత గుక్క తాగింది, తాగుతూనే ఉండింది, ఆ పిల్ల విసుగుపుట్టి మళ్ళీ ఫోనులోకి పోయేదాకా. ఇదే ఇట్లుంటే, లోపల నీళ్ళ సీసా ఉండదు గదా. లేచి పోదామా. బాత్రూం అని చెప్పి గేటు దాకా పోవచ్చు.

తలుపు తెరిచి అటెండరు ఆమె పేరు పిలిచింది. ఎంత సులభంగా పిలిచిందో, కోమలీ అని.

నాయన ఆమె కంటే ముందే లేచాడు. “అమ్మా, నేను గూడా వస్తాను. మా పాపకు మాట రాదు,” అన్నాడు.

అటెండరు కోమలిని కిందినుంచి మీదికి చూసింది. మాట రాదు. అవ్వను గురించి ఊరంతా అనే మాట అది. అవ్వకు రాదు, నిజంగానే రాదు, ఒక్క మాటతో రోజంతా గడుపుకుంటుంది. నాకు వస్తుంది గదా అనుకుంది కోమలి. ఆలస్యంగా వస్తుంది, వంకరగా వస్తుంది, వచ్చేటప్పుడు మొగం చూడలేరు, అయినా వస్తుంది. నాయన మోచెయ్యి పట్టుకుంది.

“నా... నాయనా, నువ్వీడనే ఉండు.”

ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి అర్థమై, సంచి ఆమె చేతికిచ్చి, ఇచ్చిన చేతులను ఏం చేసుకోవాలో తెలియక అట్లే చాపుకుని నిలబడ్డాడు.

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో తెల్లజుట్టు మేడం, ఒకవైపు కాగితాలు తిప్పే సారు, ఇంకోవైపు చిన్న వయసు మేడం. బల్ల మీద ఫైళ్ళు, టీ కప్పు, నల్ల ఫోను. కూర్చోమన్నారు. పేరడిగారు. వచ్చింది రాయి, కూర్చుంది గొంతులో, కళ్ళు మూసుకుపోయాయి, ఆ చీకట్లో ఫ్యాను చప్పుడు, దవడ లాగేస్తోంది, క, క, ఎంతసేపు, ఎంతసేపైంది, ఇప్పుడే అంటారు ఎవరో, ఇప్పుడే అందుకుంటారు అనుకునేలోపల చిన్న మేడం మెత్తగా “కోమలి కదమ్మా?” అనేసింది. పోయింది. లాక్కున్నారు. కోమలి కళ్ళు తెరిచి చెయ్యెత్తింది, ఆగండి అన్నట్టు. ఎందుకెత్తిందో ఆమెకే తెలియదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది, రాయి చుట్టూ గాలి తిరిగి తిరిగి చివరికి ఎక్కడో సందు దొరికి, “క్... కో... కోమలి” అనేసరికి మెడంతా చెమట.

తెల్లజుట్టు మేడం నవ్వలేదు, జాలిపడలేదు. కలం కింద పెట్టింది. “చిన్నప్పటినుంచీ ఉందా?” అనింది. ఉందని తలూపితే, “సరే. వార్డులో నువ్వొక్కదానివే ఉన్నావు. రోగికి ఊపిరాడడం లేదు. ఏం చేస్తావు?” అనింది.

“ప... పక్కకు తిప్పుతాను మేడం. నోట్లో ఏముందో చూస్తాను. తల...” అని ఆగి ఆగి చెప్పింది, అవ్వకు చేసిందంతా. చెబుతున్నంతసేపూ ఆ తర్వాతి ప్రశ్న తన వైపు నడిచి రావడం కనబడుతూనే ఉంది.

“డాక్టర్ని ఎలా పిలుస్తావు?”

ఫోన్‌లో నాకు రాదు మేడం అని చెప్పింది. వేరే దారి కనపడలేదు, నిజమే చెప్పింది. అయిపోయింది అనుకుంది, రేణిగుంట బస్సు కళ్ళముందు వచ్చి ఆగింది. తెల్లజుట్టు మేడం నల్ల ఫోనును బల్లమీద జరిపి ఆమె ముందు పెట్టింది. “సున్నా నొక్కితే ఆఫీసు వస్తుంది. తర్వాతి అమ్మాయిని లోపలికి పంపమని చెప్పు.”

“మేడం, ఇప్పుడెందుకు పాపం,” అనింది చిన్న మేడం.

“ఆ ఫోను ఎదురుగా ఎప్పుడో ఒకప్పుడు నిలబడాల్సిందే,” అనింది పెద్దామె.

రిసీవరు బరువుగా, జిడ్డుగా ఉంది. వేలు సున్నా మీద పడింది. మోగుతోంది. ఎత్తకపోతే బాగుండు, ప్రభువా ఎత్తకపోతే బాగుండు. ఎత్తారు. మగగొంతు, హలో. గాలి. హలో, ఎవరు. గురప్ప గొంతు కాదు గాని గురప్ప గొంతే, అదే విసుగు మొదలవుతోంది, ఇంకాసేపట్లో అదే టక్ మన్న చప్పుడు, సంగటి, నల్లబడే పెదాలు, పెట్టేస్తాడు, ఇప్పుడు పెట్టేస్తాడు, ఇట్లా పెట్టేసేవాళ్ళకు ఏం తెలుసు ఈ పక్కన ఒక మనిషి ఉన్నట్టు, ఎవరైనా చెబితే గదా, తానెప్పుడైనా చెప్పిందా, పుట్టి ఇన్నేళ్ళకు ఒక్కరికైనా నోరు తెరిచి చెప్పిందా. “నా... నాకు నత్తి ఉండాది,” అనింది కోమలి. ఆ మాటను తన గొంతుతో తాను వినడం అదే మొదలు. “రవంత ఆలస్యమయితాది. ఫోను పెట్టెయ్యద్దండి.”

అవతల చప్పుడు లేదు. పెట్టేశాడేమో. లేదు, కుర్చీ కిర్రుమంది. “సరే చెప్పండి మేడం, లైన్లోనే ఉన్నా,” అన్నాడు ఆ మనిషి.

మేడం అన్నాడు. పంపండి అనబోయింది, ‘ప’ అడ్డం పడింది, దొంగదారి వెతికింది, దొరికింది. “లోహిత... గూ... గూడూరు లోహితను లోపలికి రమ్మనండి.” గూడూరు అనాల్సిన పనే లేదు. ఎందుకన్నదో, అనేసింది. రిసీవరు దాని చోట పెట్టడానికి రెండుసార్లు గురిచూడాల్సి వచ్చింది.

పెద్దామె కలం తీసి ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే, “క్లాసులు మొదలయ్యాక పొద్దున పూట స్పీచ్ థెరపీకి పోవాలి. మానేస్తే నేను ఊరుకోను,” అనింది. క్లాసులు మొదలయ్యాక. ఆ మాట కోమలి చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు, దిగడానికి ఇంకా భయం అడ్డంగా ఉంది. సంచి తీసుకుని లేచింది.

తలుపు తోసుకుని లోహిత వచ్చింది. వరండాలో గడగడా మాట్లాడిన పిల్లకు ఇప్పుడు మొగంలో రక్తం లేదు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బల్ల వెనకున్న ముగ్గురినీ, నిలబడి ఉన్న కోమలినీ మార్చి మార్చి చూసింది.

“న-నన్ను పిలిచింది...” అనింది.

ఎవరూ తొందరపడలేదు.

“పి... పి...” అనింది కోమలి. ఈసారి దొంగదారి వెతకలేదు, రానిచ్చింది. “పిలిచింది నేనే. రా, కూర్చో.”